పిలిస్తే వచ్చింది

బుధవారం సాయంత్రం ఆఫీసు మెట్లు దిగుతుంటే ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. ఎండుగడ్డిలో పక్కకు ఒరిగి పడున్న గొర్రెపిల్ల. ఒంటి మీద పెద్ద గాయాలేమీ లేవు. గొంతు కింద, దవడ మూల దగ్గర, నాలుగు చిన్న చిల్లులు. ఫొటో కింద ఒకే మాట: ‘ఐదోది.’

పంపినాయన పశ్చిమ టెక్సాస్‌లో, సాన్ ఏంజెలోకు దక్షిణంగా గొర్రెలు మేపుకునే పెద్దాయన. డెబ్బయి దాటిన మనిషి. ఎనిమిదేళ్ళుగా దసరాకు నేను పొట్టేలు కొనేది ఆయన దగ్గరే. డాలస్‌లో మాంసం కొట్లు లేక కాదు. మందలో నిలబడి పొట్టేలు నడుము తడిమి చూసి బేరమాడితే తప్ప నాకు పండగ అనిపించదు. మాది కదిరి దగ్గర పల్లె. మా తాతది రెండొందల గొర్రెల మంద. మా నాయనా ఇరవై ఏళ్ళు గొర్రెల వెంట తిరిగినవాడే. మొదటిసారి ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళిన రోజు, గొర్రె నోరు తెరిచి పళ్ళు చూసి ‘రెండు పళ్ళది’ అన్నాను. ఆయన టోపీ వెనక్కి జరిపి నావైపు మళ్ళీ కొత్తగా చూశాడు. మా పరిచయం అక్కడ మొదలైంది.

గొంతు దగ్గర చిల్లులకు అర్థం నాకు ఆయనే చెప్పాడు. ఊరకుక్కలు మందలో పడితే పిరుదులు, కాళ్ళు, చెవులు ఎక్కడ దొరికితే అక్కడ చీలుస్తాయి. అది వాటికి ఆట. ఇక్కడి నక్కలాంటి జంతువు కయోటీకి అది ఆట కాదు, భోజనం. గొంతు పట్టుకుని ఊపిరి ఆగేదాకా వదలదు. ఫోన్ చేశాను. “శనివారం వస్తావా? రైఫిల్ తెచ్చుకో” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఐదు పిల్లలు పోయిన మనిషి అలసట ఉంది.

రైఫిల్ కొని అప్పటికి ఏడాదిన్నర అయింది. అంతకుముందు ముట్టుకోలేదు. హెచ్-1బి మీద ఉన్నన్నాళ్ళూ, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదీ లేకుండా తుపాకీ చేతబట్టడం ఈ దేశంలో ఫెడరల్ నేరం. ఈ సంగతి తెలియని మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరో స్నేహితుడు పిలిచాడని రేంజికి వెళ్ళి ఫొటోలు దిగుతారు. చదివేవాళ్ళలో అలాంటివాళ్ళు ఎవరైనా ఉంటారని ఇక్కడ చెబుతున్నాను. గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే నేను ఆ వైపు వెళ్ళాను. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటగాళ్ళ భద్రతా పాఠం చదివి పరీక్ష పాసవ్వాలి. పాసయ్యాను, లైసెన్సు తీసుకున్నాను, నెలకు రెండుసార్లు వంద గజాల దూరంలో కాగితం మీద కాల్చడం నేర్చుకున్నాను. కాగితం తప్ప ఇంకేదీ కాల్చలేదు. కయోటీకి ఆ రాష్ట్రంలో కాలపరిమితి లేదు, లెక్కా లేదు. ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో, ఏ రోజైనా వేటాడవచ్చు. ఏ రోజైనా చంపవచ్చు అన్నప్పుడు, ఏ రోజు చంపాలన్నది మనమే తేల్చుకోవాలి. ఆ మాట దారి పొడుగునా నాతోనే వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాను. సుమారు 260 మైళ్ళు. ఫోర్ట్‌వర్త్ దాటేసరికే రెండు గంటలు తినేసింది. ఆ తర్వాత ఐ-20 మీద పడమటికి పోతుంటే ఊళ్ళు పలచబడి ఆకాశం పెద్దదైంది. ఎబిలీన్ దగ్గర దక్షిణానికి తిరిగి 277వ నంబరు రోడ్డు ఎక్కేసరికి చీకటి పడింది. అక్కడ వందల కొద్దీ గాలిమరలు. రాత్రిపూట మరలు కనిపించవు, వాటి మీది ఎర్రదీపాలు మాత్రం అన్నీ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతుంటాయి. మా జిల్లాలో రామగిరి కొండల మీద మొదటిసారి గాలిమరలు చూసిన రోజు నాయన స్కూటర్ ఆపి చాలాసేపు నిలబడిపోయాడు. నేనూ కారు ఆపి ఐదు నిమిషాలు నిలబడ్డాను.

సాన్ ఏంజెలో గొర్రెల ఊరు. వీధి మలుపుల్లో, కొట్ల ముందు రంగురంగుల గొర్రె బొమ్మలు నిలబెట్టి ఉంటాయి. అమెరికాలో గొర్రెలకూ మేకలకూ అతిపెద్ద సంత అక్కడే జరుగుతుంది. అయినా పాత వైభవం ముందు ఇది ఏపాటి? 1940లలో టెక్సాస్‌లో కోటికి పైగా గొర్రెలుండేవి. ఇప్పుడు పది లక్షలు కూడా లేవు. ఉన్ని ధర పడిపోయింది, పిల్లలు పట్నాలకు పోయారు. మా పల్లె కథకూ దీనికీ పెద్ద తేడా లేదు.

పెద్దాయన ఇంటి గేటు తీసి కారు దిగగానే వాసన తగిలింది. గొర్రెల వాసన కాదు, తుమ్మ వాసన. హెడ్‌లైట్ల వెలుగులో చూస్తే అదే ముల్లు. ఇక్కడ మెస్కీట్ అంటారు. మన సర్కారు తుమ్మకు సొంత పెదనాన్న బిడ్డ. ఆ తుమ్మ మనది కాదు. 1877 ప్రాంతంలో విత్తనాలు తెప్పించి మొదట చల్లింది మా పక్క జిల్లా కడపలోని కమలాపురంలోనే అంటారు. దాని పుట్టిల్లు ఈ ఖండమే. పక్కనే నాగజెముడు పొదలు. అవీ ఇక్కడివే. నేను దేశం దాటి వచ్చాననుకున్నాను. నా చిన్నప్పటి కంపచెట్లు నాకంటే ముందే ఇటునుంచి అటు దాటి వెళ్ళాయి.

ఆ రాత్రి పనివాళ్ళ గదిలో పడుకున్నాను. పన్నెండు దాటాక తూర్పు దిక్కున కయోటీల కూత మొదలైంది. ముందు ఒకటి, సన్నగా, పొడుగ్గా. దానికి ఇంకొకటి జవాబు. తర్వాత రెండూ కలిసి కీచుమంటూ, మొరుగుతూ, మెలికలు తిప్పుతూ. రెండే అయినా పది ఉన్నట్టు వినిపిస్తుంది వాటి గొంతు. 1823లో థామస్ సే అనే శాస్త్రజ్ఞుడు ఈ జంతువుకు లాటిన్‌లో ‘మొరిగే కుక్క’ అని పేరు పెట్టాడు. కయోటీ అన్నది మెక్సికో ఆదివాసుల నహువాట్ల్ భాషలోంచి వచ్చిన మాట. ఆదివాసుల మాటే నిలిచింది. పెద్దాయన లాంటి వాళ్ళు దాన్ని ఇంకా కుదించి ‘కాయోట్’ అంటారు.

మంచం మీద పడుకుని వింటుంటే తాత గుర్తొచ్చాడు. శనక్కాయ పీకిన చేలల్లో మంద నిలిపిన రాత్రులు, నక్కలు కూస్తే తాత లేచి కూర్చునేవాడు. కాయలు తవ్వుకు తినే నక్కలతో ఆయనకు తగాదా లేదు. తోడేలంటేనే భయం. తోడేలు వచ్చిన రాత్రి నక్కలు కూయవనేవాడు. తన చిన్నతనంలో నక్కలోళ్ళు ఊరి బయట డేరాలు వేసిన కథ కూడా అప్పుడే చెప్పేవాడు. వాళ్ళలో ఒక ముసలాయన పొద్దుగూకాక పొదలో దూరి, దుప్పటి కప్పుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నక్కలా కూసేవాడట. “కూస్తే నక్కలు పరిగెత్తుకుంటా వచ్చేటివిరా. మనిషి అని కనుక్కోలేకపొయ్యేటివి.” ఆ కూత ఎలా ఉండేదో తాత చేసి చూపించేవాడు. చేసినప్పుడల్లా మంద కలత పడేది. తర్వాత వన్యప్రాణి చట్టం మన దేశంలో ఆ వేటను నిషేధించింది. విద్య పోయింది, పేరు మాత్రం ఆ కులానికి మిగిలింది. నాకు ఆ ముసలాయన పేరు తెలియదు, ముఖం తెలియదు. అయినా ఆ రాత్రి టెక్సాస్ గదిలో నేను పోల్చుకున్న గురువు ఆయనే.

తెల్లవారుజామున ఐదున్నరకు పెద్దాయన కాఫీ గ్లాసు చేతికిచ్చి పాఠం మొదలుపెట్టాడు.

కూతలు మూడు రకాలట. కుందేలు చావుకేక ఆకలిని పిలుస్తుంది. ఒంటరి ఊళ పౌరుషాన్ని పిలుస్తుంది. ఫిబ్రవరి వాటి ఎదకాలం, జతలు కట్టి ఎవరి జాగా వాళ్ళు కాపాడుకునే కాలం, కనుక తమ జాగాలో కొత్త గొంతు వినిపిస్తే చూడకుండా ఉండలేవు. మూడోది పిల్ల ఏడుపు. దెబ్బ తగిలిన కూన కుయ్యోమంటే, ఆ కూన తమది కాకపోయినా, ఆడా మగా రెండూ దూసుకొస్తాయి. “అది అన్నిటికంటే బాగా పనిచేస్తుంది” అన్నాడు.

“అది వద్దు సార్” అన్నాను.

ఎందుకని ఆయన అడగలేదు. నాకూ చెప్పడానికి సిద్ధంగా మాటలేమీ లేవు. ఆకలిని మోసం చేయడం వేటలో పాత సంగతే. గాలానికి ఎర గుచ్చిన ప్రతివాడూ చేసేదే. పిల్ల మీది ప్రేమను ఎరగా గుచ్చడానికి మాత్రం నా చెయ్యి ఒప్పుకోలేదు.

ఆయన దగ్గర రెండు సాధనాలున్నాయి. ఒకటి రిమోట్‌తో నడిచే ఎలక్ట్రానిక్ పెట్టె, అందులో వందల శబ్దాలు. రెండోది బొటనవేలంత చెక్క ఊదుడు గొట్టం, లోపల సన్నని రేకు. నోటితో పిలవడం టెక్సాస్‌లో పాత విద్య. మార్బుల్ ఫాల్స్ ఊళ్ళో మోర్టన్ బర్నమ్ అనే ఆయన పెదాలతోనే కుందేలు కేక పలికించేవాడు. కొడుకులు మర్రీ, విన్‌స్టన్ ఆ విద్యను ఊదుడు గొట్టాల్లోకి దించి దేశమంతా అమ్మారు. వేకో ఊరి జానీ స్టీవర్ట్ నిజమైన జంతువుల గొంతులు రికార్డు చేసి అమ్మాడు. ఇప్పటి పెట్టెలకు దారి చూపినవాళ్ళలో ఆయన ఒకడు. ఆ గొట్టం పెద్దాయన తండ్రిది. పళ్ళు పడిన చోట చెక్క అరిగి ఉంది.

మొదటి రోజు పెట్టెతోనే వెళ్ళాం. ఈ వేటలో కాల్చడం ఆఖరి క్షణం. మిగతాదంతా కూర్చోవడమే. ట్రక్కు కనబడకుండా పల్లంలో వదిలి, తలుపు చప్పుడు కాకుండా మూసి, పావుమైలు నడవాలి. గాలి చూడాలి. పెద్దాయన జేబులోంచి పౌడరు సీసా తీసి నొక్కాడు. మా తాత పిడికెడు మన్ను తీసి వదిలేవాడు. గాలి మన మీదుగా అడ్డంగా పోవాలి. ఎందుకంటే కయోటీ కంటినీ చెవినీ పూర్తిగా నమ్మదు. చప్పుడు వచ్చిన చోటుకు గాలివాటున చుట్టు తిరిగి వచ్చి, వాసన చూసుకున్నాకే దగ్గరకొస్తుంది. అది చుట్టు తిరిగే దారి మన కళ్ళ ముందు ఉండేలా కూర్చోవాలి. వీపుకు పొద ఆనించాలి, సూర్యుడు మన వెనక ఉండాలి. పెట్టెను యాభై గజాల ముందు పెట్టి వచ్చి కూర్చుంటే, ఇరవై నిమిషాలు రెప్ప తప్ప ఇంకేదీ కదలకూడదు.

మొదటి చోట కుందేలు కేక పెట్టాం. ఆ కేక విన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, విననివాళ్ళకు చెప్పలేను. పసిబిడ్డ ఏడుపులా ఉంటుంది. పదో నిమిషంలో ఒక డేగ వచ్చి పెట్టె మీద రెండు చుట్లు తిరిగి పోయింది. ఇంకేమీ రాలేదు.

రెండో చోట నాలుగో నిమిషంలోనే వచ్చింది. నేను ఎదురు చూసిన దిక్కు నుంచి కాదు, నా కుడి భుజం వెనక నుంచి. కంటి కొసన బూడిదరంగు కదిలింది. మనసు ఆగలేదు, తల తిప్పాను. తల తిప్పింది అరంగుళం కూడా ఉండదు. అది నా కళ్ళలోకి చూసింది. ఆ చూపు కుక్క చూపు కాదు. పసుపుపచ్చని కళ్ళు, ఏ వేడుకోలూ లేదు, ఏ పరిచయమూ లేదు. మరుక్షణం అక్కడ గడ్డి మాత్రమే ఊగుతోంది. పెద్దాయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక “ఇక అది ఆ పెట్టె మాట ఎప్పుడూ నమ్మదు” అన్నాడు. తప్పు నాది. దాని ఖరీదు మాత్రం ఆయన మంద కట్టాలి. ఆ పగలంతా అది నాలో గుచ్చుకుంటూనే ఉంది.

మూడో చోట బూడిద నక్క వచ్చి పెట్టె చుట్టూ కుతూహలంగా తిరిగింది. చిన్నది, అందమైనది, చెట్లెక్కగలది. “దీనితో మనకు తగాదా లేదు” అన్నాడు పెద్దాయన. తాత మాటే వేరే భాషలో విన్నట్టయింది.

మధ్యాహ్నం మందలోకి వెళ్ళాం. ఈనిన గొర్రెలు, ఈనబోయే గొర్రెలు. మధ్యలో దూడంత తెల్లకుక్క ఒకటి పిల్లల మధ్య పడుకుని ఉంది. గ్రేట్ పైరనీస్ జాతి. అది పుట్టినప్పటి నుంచి గొర్రెల్లోనే పెరిగింది, తనూ గొర్రెననే అనుకుంటుందేమో. నిరుడు ఉన్న రెండో కుక్క ముసలిదై చచ్చిపోయింది. కొత్తది ఇంకా కూన. ఆ సందు కనిపెట్టే కయోటీలు వచ్చాయని పెద్దాయన లెక్క. వలకంచె కింద తవ్విన చోట్లు చూపించాడు. ముళ్ళతీగకు చిక్కుకున్న వెంట్రుకలు ఉన్నాయి, కొసలు నల్లగా.

కంచె బాగుచేస్తూ చెప్పుకొచ్చాడు. వాళ్ళ నాన్న రోజుల్లో ఈ గొర్రెల నేల మీద కయోటీ దాదాపు లేకుండా పోయిందట. వలకంచెలు, ఉచ్చులు, విషం. 1931లో కాంగ్రెస్ చట్టం చేసి మరీ ప్రభుత్వాన్ని ఈ పనికి దించింది. యుద్ధకాలం నుంచి 1080 అనే విషం మాంసపు ముక్కల్లో పెట్టి చల్లారు. అది తిన్న కయోటీలే కాదు, దాన్ని తిన్న నక్కలు, గద్దలు, కుక్కలు అన్నీ చచ్చాయి. 1972లో నిక్సన్ ప్రభుత్వ భూముల మీద ఆ విషాన్ని ఆపాడు. మన దేశంలో వన్యప్రాణి చట్టం వచ్చిందీ అదే ఏడాది. ఇప్పటికీ ఫెడరల్ శాఖ ఒక్కటే ఏటా సుమారు 60 వేల కయోటీలను చంపుతోంది. అయినా ఒకప్పుడు ప్రధానంగా పడమటి వైపే బతికిన ఈ జంతువు ఇవాళ హవాయీ తప్ప ప్రతి రాష్ట్రంలో ఉంది. ఈతకు సగటున ఆరు పిల్లలు. షికాగో నగరం నడిబొడ్డున కూడా కాపురం పెట్టింది. తోడేలు ఉచ్చులకూ విషానికీ ఈ నేల మీద అంతరించింది, ఇది అంతరించలేదు.

“అయితే చంపి లాభమేమిటి సార్?” అని అడిగాను.

ఆయన పట్టకారు కింద పెట్టాడు. “అన్నీ గొర్రెల జోలికి రావు. రుచి మరిగినది ఒకటో, జతో ఉంటుంది. ఆ జత పోతే నాకు ఈ ఏడు పిల్లలు నిలుస్తాయి. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. నేను దేశం కోసం చంపడం లేదు.”

ఆ మాటలో నాకు నిజాయితీ కనిపించింది. పందేలు కట్టి ఎవరు ఎక్కువ చంపితే వాళ్ళకు బహుమతులిచ్చే వేటలు ఈ దేశంలో ఉన్నాయి. చచ్చిన కయోటీలను వరసగా పేర్చి ఫొటోలు దిగుతారు. అది నాకు గిట్టదు, ఆయనకూ గిట్టదు. పోనీ బొచ్చుకైనా విలువ ఉందా అంటే, చలికోట్ల టోపీ అంచులకు కయోటీ బొచ్చు కుట్టిన కెనడా గూస్ కంపెనీ 2021లో కొనడం మానేశాక ఆ ధరా పడిపోయింది. మిగిలింది మంద ఒక్కటే. మంద కోసమైతేనే చంపాలి, అదీ మంద దగ్గర తిరిగేదాన్నే చంపాలి. నేను ఏ రోజు చంపాలన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అంతవరకే.

సాయంత్రం ఆయన ఆ చెక్క గొట్టం నా చేతిలో పెట్టాడు. “పెట్టె మాట అవి వినేశాయి. రేపు నువ్వు పిలువు.”

కొట్టాం వెనక గంటసేపు ఊదాను. మొదట బాతు కూతలా వచ్చింది. ఊపిరి పొట్టలోంచి తీసి, చేతులు దోసిలిపట్టి మూస్తూ తెరుస్తూ ఉండాలి. అరుపు పెద్దగా మొదలై, మెల్లగా బలం తగ్గి, చివర ముక్కలు ముక్కలుగా విరగాలి. “చచ్చిపోతున్న కుందేలుకు ఊపిరి మిగలదు. నువ్వు ఇంకా బతికే ఉన్నావు” అన్నాడు ఆయన. అప్పుడు పట్టుబడింది. ఆ కేక పలకాలంటే ఆ ప్రాణి ఎలా చస్తుందో నా ఛాతీలో ఊహించుకోవాలి. పెట్టె మీట నొక్కినప్పుడు ఆ బాధ్యత లేదు.

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే తూర్పు మేతనేల అంచుకు చేరాం. సున్నపురాయి గుట్ట కింద ఓక్ చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఎదురుగా మూడొందల గజాల బయలు, ఆ వెనక ఇంకో గుట్ట. తూటా తప్పినా ఆ మట్టిలోకే పోవాలి, అది ముందే చూసుకున్నాం. గాలి ఉత్తరం నుంచి, నా కుడి చెంప మీద చల్లగా. పొడి మంచు పట్టిన గడ్డి తెల్లగా ఉంది. ఏడున్నరకు కొంచెం ముందు, వెలుగు వస్తుండగా, పెద్దాయన కొమ్ములాంటి బూర తీసి రెండుసార్లు ఒంటరి ఊళ పెట్టాడు. ఆగాడు.

రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఎదుటి గుట్ట వెనక నుంచి జవాబు వచ్చింది. రెండు గొంతులు.

ఆయన నావైపు చూసి గడ్డం కదిపాడు. గొట్టం పెదాలకు ఆనించాను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఊదాను. నా చేతుల మధ్య నుంచి వచ్చిన ఆ కేక నాకే కొత్తగా వినిపించింది. ఒక నిమిషం పిలిచాను, ఆగాను, మళ్ళీ మెల్లగా పిలిచాను. మూడోసారి పిలవబోతుంటే గుట్ట శిఖరాన రెండు చెవులు లేచాయి.

ఒకటి అక్కడే నిలబడింది. రెండోది దిగింది. పరుగు కాదు, నడకా కాదు, నేల మీద జారుతున్నట్టు వచ్చే దౌడు. తోక కిందికి, తల ముందుకు. నాగజెముళ్ళ మధ్య మాయమై, ఇంకో చోట తేలి, మాయమై. మధ్యలో ఒకసారి ఆగి నేరుగా నావైపు చూసింది. నిన్నటి తప్పు గుర్తొచ్చి ఊపిరి కూడా బిగబట్టాను. నా చెవుల్లో నా రక్తం కొట్టుకోవడం వినిపించింది. అది మళ్ళీ కదిలి, దక్షిణానికి తిరిగి, వాసన పట్టడానికి చుట్టు తిరగడం మొదలుపెట్టింది. ఆ దారి నా కళ్ళ ముందే ఉంది. చెంప రైఫిల్ మీదే ఉంది. అడ్డంగా పోతున్న దాన్ని ఆపాలి. పెద్దాయన నోటితో మెల్లగా ‘వుఫ్’ అన్నాడు, కుక్క గొణిగినట్టు. అది ఆగి తల తిప్పింది.

భుజం వెనక గీత నిలిపి మీట నొక్కాను.

అక్కడే కూలిపోయింది. ఒక కాలు రెండుసార్లు గాలిలో పరుగెత్తి ఆగింది. తలెత్తి గుట్ట మీదికి చూస్తే రెండోది లేదు.

గొళ్ళెం వెనక్కి లాగి, రైఫిల్ ఖాళీ చేసి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. నూట పద్దెనిమిది. చనిపోయిందని కంటి మీద గడ్డిపరకతో తాకి చూసుకోమన్నాడు ఆయన. కన్ను కదల్లేదు. ఆ పసుపు ఇంకా పోలేదు. చేయి పెట్టి చూశాను. మెడ మీది బొచ్చు నేను అనుకున్నదానికంటే మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది. కళ్ళు చెమర్చాయి. చంపినందుకు పశ్చాత్తాపమా అంటే అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. కంచెలో దూరిన దాన్ని పొంచి ఉండి కొట్టి ఉంటే వేరు. ఇది నా మాట విని వచ్చింది. అరమైలు నుంచి, ఏ ఉచ్చూ లేకుండా, నేను పిలిస్తే వచ్చింది. నేను పలికింది అబద్ధం, దానికి అది నిజం. ఆ సంగతి చిన్నది చేసి చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, నేను లేచేదాకా పక్కన నిలబడ్డాడు.

మగది. కాటాకు వేస్తే 32 పౌండ్లు తూగింది. కొట్టాంలో తోలు తీశాక, అడగకుండానే ఆయన కడుపు కోసి చూశాడు. నలభై ఏళ్ళుగా కొట్టిన ప్రతిదాన్నీ ఇలాగే చూస్తాడట. ఏం తిన్నదో తెలియకుండా నిందించకూడదంటాడు. లోపల ఎలుక బొచ్చు, చిన్న ఎముకలు. మిగిలినదంతా మెస్కీట్ కాయలు. నిరుడు వేసవిలో రాలి పొదల కింద ఎండిపోయిన కాయలు. పసుపుపచ్చని తొక్కలు, గట్టి విత్తనాలు. మా ఊళ్ళో గొర్రెలు తినేవి కూడా అవే. పొద్దున మంద లేచిన చోట పెంటికల్లో కనిపించే విత్తనాలూ అవే.

ఉన్ని లేదు.

ఆయన చాలాసేపు చూశాడు. “ఒక రాత్రి తిండి ఒక రాత్రి సంగతే చెబుతుంది” అని చేతులు కడుక్కున్నాడు.

నాలుగున్నరకు బయల్దేరాను. ఎబిలీన్ ఇంకా ఇరవై మైళ్ళుందనగా పొద్దు వాలింది. గాలిమరలు నల్లబడుతుంటే రోడ్డు పక్కన ఆపి నాయనకు ఫోన్ చేశాను. అక్కడ సోమవారం తెల్లవారి ఐదున్నర. నాయన ఆ వేళకు లేచి అరుగు మీద కూర్చుని ఉంటాడు. మాట వినబడదని ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లో పెడతాడు. జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఒక్క మాటా అడ్డం రాలేదు.

“జతది యాడికి పోయింది?” అన్నాడు చివరికి.

“గుట్ట అవతలికి దిగి పోయింది నాయనా.”

“కడుపులో ఏముండె?”

“తుమ్మకాయలు. మన సర్కారు తుమ్మ లాంటివే.”

కాసేపు నిశ్శబ్దం. “అట్లయితే పిల్లల్ని తినేది ఇంకోటి ఉండాదిరా. పెద్దాయనకు చెప్పు, రాత్రిపూట పిల్లలగొర్రెల్ని ఇంటికాడికి తోలుకోమను. కుక్కకూన పెద్దదయ్యేదాకా.” మళ్ళీ ఆగాడు. “యెట్ల పిల్సినావు? ఒకసారి యిననీ.”

గొట్టం చొక్కా జేబులోనే ఉంది. పెద్దాయన తిరిగి తీసుకోలేదు. కారు అద్దాలు ఎక్కించి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని, దోసిలి పట్టి ఊదాను. మెల్లగా మొదలుపెట్టి, పెంచి, చివర విరిచాను. ఆపగానే అవతలి నుంచి మా వీధి కుక్కలు ఒకటొకటిగా మొదలై, అన్నీ ఒక్కసారిగా మొరగడం వినిపించింది. దొడ్లో ఉన్న నాలుగు గొర్రెలూ అరుస్తున్నాయి.

“సాలు సాలు, ఆపు” అంటున్నాడు నాయన, వాటిని అదిలిస్తూ. “మా నాయన పిల్సినట్లే ఉండాది.”